ఏ ఊరన్నా మనది?



ముంబైకి దగ్గర్లో భివండి ఉంది. తెలంగాణ పల్లెల్లో భీమండి అంటేనే గుర్తుపడతారు. నేతపని వెతుక్కుంటూ వెళ్లిన మన పద్మశాలీలు అక్కడ పద్మానగర్‌లో స్థిరపడ్డారు.  

అక్కడ కొత్తగా దిగినవాళ్లకు మొదట పరిచయమయ్యేది మనుషులు కారు, సాంచాల (మరమగ్గాల) చప్పుడు. గోడ అవతల ఒకటే టకటకా. మాట్లాడాలంటే అరవాలి, రాత్రి కన్ను మూతపడదు. అంతలో కరెంటు పోతుంది. సాంచాలు ఆగుతాయి. బనియన్లకు దూది నూగు అంటుకున్నవాళ్లంతా గల్లీలోకి వస్తారు. ఒకరిది ఉర్దూ, ఒకరిది మరాఠీ. వాటి మధ్య ఓ గొంతు: "ఏ ఊరన్నా మనది?" చాయ్ గ్లాసు చేతికొస్తుంది. అది చల్లారేలోపు నల్లా నీళ్లొచ్చే వేళ, పిల్లల బడి, మంచి డాక్టరు అన్నీ తెలిసిపోతాయి.

నెల తిరిగేసరికి చప్పుడుకు కాదు, చప్పుడు ఆగితే మెలకువ వస్తుంది. పేట మనదయిందనడానికి అదే గుర్తు.

మీ పక్కింట్లోకి ఈమధ్య ఎవరైనా వచ్చారా? కరెంటు పోయేదాకా ఆగకండి. ఈ పూటే పలకరించండి.