రాని జబ్బుకి దండమెవరు పెడతారు?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఉప్పుచేపలు చూస్తే మనకి వంకాయ కూర గుర్తొచ్చి నోరూరుతుంది; డాక్టరుకేమో రక్తపోటు గుర్తొస్తుంది!

ఉస్మానియా మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్ కె. శ్రీనాథ్ రెడ్డి ఢిల్లీ ఎయిమ్స్‌లో గుండెజబ్బుల విభాగానికి అధిపతిగా పనిచేశారు. 2006లో పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియాకి తొలి అధ్యక్షులయ్యారు. గుండె బాగుచేస్తే రోగి మొక్కుతాడు. జబ్బే రాకుండా చూస్తే? మొక్కే రోగే ఉండడు, లెక్కలే సాక్ష్యం.

నొప్పితో వచ్చినవాడు మందు తనే అడుగుతాడు. హాయిగా ఉన్నవాడు ఏమీ అడగలేదే! వాడి కంచంలో ఉప్పు తగ్గించమనాలంటే గట్టి ఋజువుండాలి. రోజుకి 5 గ్రాముల లోపే తినమంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. సరే, మరి ఉప్పుచేపలమ్మి పిల్లల్ని పెంచే తల్లికి ఆ మాట ఎలా చెప్పడం? ఆమె బతుకుతెరువుని తప్పుపట్టకుండా చెప్పగలిగితేనే అది వైద్యం. ఋజువుకి తోడు దయ కూడా కావాలి.

కాచి చల్లార్చిన నీళ్ళిచ్చే అమ్మకి మాత్రం ఎవరు దండం పెట్టారు కనక?