లీల, లోపం, పసిమనసు

ఏ పనినైనా లోపం లేకుండానే చేయాలన్న పట్టుదలను మనోవిజ్ఞానం పరిపూర్ణతావాదం అంటుంది. 1978లో అమెరికన్ మనోవైజ్ఞానికుడు డాన్ హమాచెక్ ఇందులో రెండు రకాలను వేరుచేసి, శ్రమలో తృప్తినిచ్చేదాన్ని సహజమైనదిగా, ఎంత చేసినా తృప్తినివ్వనిదాన్ని రుగ్మతగా వివరించాడు. గీత వంకరపోయిందని కాగితం చింపేసే పిల్లలో, జవాబు తెలిసీ తప్పు పోతుందేమోనని చేయెత్తని పిల్లవాడిలో కనిపించేది ఈ రెండవదే. దాన్ని బుద్ధిమంతతనంగా పొరబడి మెచ్చుకునే పెద్దలే ఎక్కువ. చేసిన పనిలోని లోపం చేసినవారి లోపమే అవుతుందా అన్న తాత్విక ప్రశ్న ఈ భయం అడుగున ఉంది.

ఆ ప్రశ్నకు వేదాంతంలో ఒక దారి దొరుకుతుంది. ఏ కొరతా లేని బ్రహ్మం జగత్తును ఎందుకు సృష్టించాలన్న ఆక్షేపానికి బ్రహ్మసూత్రాల రెండవ అధ్యాయం మొదటి పాదంలో బాదరాయణుడు ఇచ్చిన సమాధానం లీల, అంటే ఫలాన్ని ఆశించక నిండుదనం నుంచే వెలువడే క్రియ. శంకరాచార్యులు భాష్యంలో, కోరికలన్నీ తీరిన రాజు విహారాలను, ప్రయోజనాపేక్ష లేకుండా సాగే ఉచ్ఛ్వాస నిశ్వాసాలను ఇందుకు ఉదాహరించారు. ఈ వాదం సృష్టిని గురించినదే అయినా, నిండుదనం ముందు, ఆట తరువాత అన్న దాని క్రమం పిల్లల పెంపకానికీ ఎంతో అవసరమైనది. తన విలువ ఏ పరీక్ష మీదా ఆధారపడి లేదన్న భరోసా ముందుగా కలిగిన బిడ్డకే సవాలు ఆటగా తోస్తుంది. ఆ భరోసా లేని బిడ్డకు ఆట కూడా పరీక్షే. కర్మలన్నిటినీ, అగ్నిని పొగ కమ్మినట్లు, ఏదో ఒక దోషం ఆవరించే ఉంటుందని, అందుచేత సహజమైన కర్మను విడువరాదని భగవద్గీత పద్దెనిమిదవ అధ్యాయం చెప్పడం కూడా ఈ భరోసాకు బలమిస్తుంది.

పిల్లలకు ఆదర్శంగా చెప్పే వీరగాథలు కూడా ఈ భరోసాను దెబ్బతీయవచ్చు. అనకాపల్లి జిల్లా గొలుగొండ మండలంలోని కృష్ణదేవిపేటలో స్వాతంత్ర్య వీరుడు అల్లూరి సీతారామరాజు సమాధి ఉంది. ఆ వీరుణ్ణి పుట్టుకతోనే లోపరహితుడిగా చూపే కథనాలు, ఆయన బడిచదువు మధ్యలోనే ఆగిపోయిందన్న సంగతిని మరుగుపరిస్తే, ఆదర్శం పిల్లలకు బరువవుతుంది. ఐదవ తరగతిలోనే నవోదయ విద్యాలయాల ప్రవేశ పరీక్షకు సిద్ధపడే పిల్లల మీద ఆ బరువు మరింత పడుతుంది.

తెలుగు ఊళ్లలో ఈ లోపభయానికి మందు లేకపోలేదు. గచ్చకాయలాటలో చేయి జారితే వంతు పోతుంది గాని ఆట ఆగదు, మళ్లీ వంతు వస్తుంది. నోరు తిరగని మాటలను గబగబా పలికే పోటీలో తడబాటే అందరి ఆనందం, అందులో ఉపాధ్యాయుడు తడబడితే మరీనూ. కళ్లు మూసుకుని బొమ్మ గీయడం, ఒకరు మొదలుపెట్టిన కథను మరొకరు తోచిన దారికి మళ్లించడం ఈ కోవలోవే. వీటికి మార్కులో బహుమతులో జోడిస్తే లీల నశించి పరీక్ష తిరిగివస్తుంది గనుక, ఈ ఒక్క విషయంలో రాజీ పనికిరాదు. మార్కులు లేని ఆట నిర్లక్ష్యాన్ని పెంచుతుందన్న శంకకు బలం లేదు, ఎందుకంటే జారిన గచ్చకాయను పట్టడానికి పిల్లలు ఎవరూ చెప్పకుండానే ఎన్నోసార్లు సాధన చేస్తారు.

గొలుగొండ, నర్సీపట్నం ప్రాంతపు బడుల ఉపాధ్యాయులు వారానికి ఒక్క పీరియడ్ మార్కులు లేని ఇలాంటి ఆటలకు కేటాయించి, పిల్లలతో పాటు తామూ ఆడి, వారి ఎదుట తామూ ఓడాలి.