సెమినారు మార్కులు - సమానత్వం

ఒకే గది, ఒకే వ్యవధి, ఒకే మార్కుల పట్టిక - ఇంతటితో పరీక్ష న్యాయమైపోయిందని మనలో చాలామంది నమ్ముతాం. విశ్వవిద్యాలయాల్లో సెమినారు ప్రసంగాలకు మార్కులు వేసేచోట ఈ నమ్మకంలోని డొల్లతనం బయటపడుతుంది.

విషయ పరిజ్ఞానానికి కొన్ని మార్కులు, వాదక్రమానికి కొన్ని. మిగిలినవి శ్రోతల కళ్లలోకి చూడటానికి, తడబడకుండా మాట్లాడటానికి, నిలబడే తీరుకు. ఇవి ఏ జ్ఞానాన్ని కొలుస్తున్నాయి? ఆటిజం వున్న విద్యార్థికి ఎదుటివారి కళ్లలోకి చూడటమే యాతన కావచ్చు. ఎ.డి.హెచ్.డి. వున్నవాడు కదలకుండా నిలబడటానికే శక్తినంతా ఖర్చు చేయవచ్చు. డిస్లెక్సియా వున్న అమ్మాయి కాగితం చూసి చదవటంలో తడుముకోవచ్చు. లోపం వీరి ఆలోచనలో లేదు, మన కొలబద్దలో వుంది.

తెలుగువారికి ఈ తగాదా కొత్తది కాదు. గ్రాంథికం రాయలేనివాడికి చదువే రాదన్న రోజులుండేవి. భాషావేషాన్ని చూసి విజ్ఞానాన్ని నిర్ణయించే ఆ పద్ధతిని గిడుగు రామమూర్తి ఎదిరించాడు. నేడు వ్యావహారికంలో జవాబు రాసినవాణ్ణి ఎవరూ ఫెయిలు చేయరు. గాని గ్రాంథికం ఖాళీ చేసిన పీఠంమీద వాగ్ధాటిని కూర్చోబెట్టాం.

"ప్రమాణాలు దిగజారవా? రేపు ఉద్యోగంలో మాట్లాడవద్దా?" అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. కాబోయే ఉపాధ్యాయుడికి నలుగురిలో మాట్లాడటమే విద్య, దాన్ని పరీక్షించవలసిందే. అయితే నేర్పి పరీక్షించాలి. నేర్పకుండా పరీక్షించటమంటే పుట్టి పెరిగిన ఇంటికి మార్కులు వేయటమే. చరిత్ర సెమినారులో కావలసింది చరిత్రజ్ఞానం. ముగ్గురి ఎదుట కూర్చుని చెప్పినా, ముందే రికార్డు చేసి వినిపించినా ఆ జ్ఞానం విలువ తగ్గదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని, డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలను గుర్తించింది. 2021లో వికాశ్ కుమార్ కేసులో, రాసేటప్పుడు చేయి పట్టేసే అభ్యర్థికి లేఖకుణ్ణి ఇవ్వాలనీ, అందుకు 40 శాతం వైకల్యం వుండితీరాలనటం చెల్లదనీ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాతకు వర్తించిన న్యాయం మాటకెందుకు వర్తించదు?

పైగా వైద్యుని సర్టిఫికెట్టు చూపినవారికే సదుపాయమంటే, పరీక్షలు చేయించుకునే స్తోమత లేని పేద విద్యార్థి మళ్లీ బయటే మిగులుతాడు. అందుచేత ప్రసంగ పద్ధతిని ఎంచుకునే వీలు అందరికీ వుండాలి. పట్టిక రాసే అధ్యాపకుడు ప్రతి గడి దగ్గరా ఆగి, ఈ మార్కు నేను నేర్పినదానికేనా అని అడుగుకోవాలి. కాదని తేలిన గడిని కొట్టివేయాలి.