పేరుకూ అర్థానికీ ఉన్న బంధం

భారతీయ తత్వశాస్త్రంలో, పదానికీ అర్థానికీ ఉన్న సంబంధం నిత్యమని మీమాంసకులు, సంకేతం వల్ల ఏర్పడిందని నైయాయికులు వాదించారు. ప్రోగ్రామింగ్‌లో నైయాయికుల పక్షమే చెల్లుతుంది. వేరియబుల్‌కు ఏ పేరు పెట్టినా కంపైలర్‌కు ఒకటే.

సంస్కృత వ్యాకరణకర్త పాణిని కూడా ‘టి’, ‘ఘు’, ‘భ’ వంటి లోకార్థం లేని సంజ్ఞలను వాడాడు. అయితే వాటిని సూత్రాలతో నిర్వచించాడు. ప్రోగ్రామర్ పెట్టే పేరు వెనుక తరచూ అలాంటి సూత్రం ఉండదు. కాబట్టి పేరే అర్థాన్ని చెప్పాలి.

2001లో వచ్చిన పైథాన్ శైలి నియమావళి పెప్ 8, ఫంక్షన్ పేర్లను చిన్న అక్షరాలతో రాసి, పదాలను అండర్‌స్కోర్‌తో విడదీయమంటుంది. జావా సంప్రదాయంలో మెథడ్ పేరులోని పదాలు కలిసిపోతాయి. రెండో పదం నుంచి ప్రతిదీ పెద్ద అక్షరంతో మొదలవుతుంది. ఈ రెండింటికీ ఆధారం స్వభావం కాదు, సమ్మతి. సంకేతం మనిషి కల్పనే అయినా, తర్వాత చదివేవారి కోసం దాన్ని పాటించడం రాసేవారి ధర్మం.