ఉషస్తి తాగనన్న నీళ్లు

ఛాందోగ్యోపనిషత్తు మొదటి అధ్యాయంలో ఉషస్తి చాక్రాయణుడి కథ ఉంది. వడగళ్లు పడి కురుదేశంలో పంటలు పోయాయి. భార్యను వెంటబెట్టుకుని అతను మావటివాళ్ల పల్లె చేరాడు. అక్కడ ఒక మావటి ఉడికించిన గింజలు తింటుంటే చేయి చాచాడు. ఈ ఎంగిలివి తప్ప వేరే లేవని మావటి అంటే, అవే పెట్టమని తీసుకుని తిన్నాడు. ఆ తర్వాత మావటి నీళ్లు కూడా ఇవ్వబోతే మాత్రం ఎంగిలి నీళ్లు తాగనన్నాడు. మరి గింజలు ఎంగిలివి కావా అని మావటికి సందేహం వచ్చింది. ఆ గింజలు తినకపోతే ప్రాణం నిలిచేది కాదనీ, నీళ్లంటే తనకు కావలసినప్పుడు దొరుకుతాయనీ ఉషస్తి జవాబు చెప్పాడు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఏ ఆహారమైనా తినవచ్చని చెప్పే బ్రహ్మసూత్రానికి శంకరులు ఈ కథనే ఆధారంగా చూపారు. ఎంగిలి గురించిన ఆనాటి పట్టింపులను మనం మోయనక్కర్లేదు. కథలో ఉన్న కొలత మాత్రం ఇవాళ్టికీ పనికొస్తుంది. ఆపద ఎంతవరకు ఉందో మినహాయింపు అంతవరకే. ఒక్క గుక్క కూడా ఎక్కువ లేదు.

కొన్న నీళ్లా, కుళాయి నీళ్లా అన్న ప్రశ్నను మనం ఆరోగ్యం లెక్కగానో, డబ్బు లెక్కగానో తేల్చేసుకుంటున్నాం. నా దృష్టిలో అది ముందు ధర్మానికి సంబంధించిన ప్రశ్న. కొన్న నీళ్లు ఆపద్ధర్మం. వాటిని తాగడంలో తప్పు లేదు. ఆపద ఉందో లేదో అడగడమే మానేసి ఆపద్ధర్మాన్ని నిత్యధర్మం చేసుకోవడంలో ఉంది తప్పు. హైదరాబాదులో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల దాకా నల్లా నీళ్లు ఉచితంగా ఇచ్చే పథకం 2021 జనవరిలో మొదలైంది. అలాంటి ఇళ్లలోనే 20 లీటర్ల టిన్ను డబ్బిచ్చి దించుకునేవాళ్లు ఎందరో. ఉచితంగా వచ్చినవి స్నానానికీ, గిన్నెలకూ, బండి కడగడానికీ, కొన్నవి గొంతులోకి. ఎందుకలా అంటే ఎక్కువగా వినిపించే జవాబు, అందరూ అంతే కదా అని. ఉషస్తి దగ్గర ఇంతకంటే మంచి జవాబు ఉంది.

ఆపద నిజంగా ఉన్న చోట్లను ముందు ఒప్పుకోవాలి. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో ఎముకలు వంగిపోయే ఫ్లోరోసిస్ గురించి 1937లోనే వైద్యులు రాశారు. నల్గొండ సంగతి తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, కాచినా పోదు. అలాంటి బోరు నీళ్లు తప్ప దిక్కులేని ఊళ్లో బిడ్డకు నీళ్లు కొని పట్టించే తల్లికి ఎవరూ ధర్మం బోధించకూడదు. 2018 మార్చిలో గుంటూరులో కలుషితమైన నీళ్ల వల్ల అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. ఆ వారం ఆ పేటల్లో సీసా కొన్నవాళ్లు చేసినది సరైన పనే. మావటి గిన్నెలోని గింజలు అవే.

ఆ వారం దాటాక, ఆ ఊరు దాటాక ఏం జరుగుతోందన్నదే అసలు విషయం. మన కుళాయి నీళ్లు పాడయ్యేది ఎక్కువగా శుద్ధి కేంద్రంలో కాదు, దారిలో. రోజుకో గంటో, రెండు రోజులకొకసారో నీళ్లు వదులుతారు. మిగతా సమయమంతా పైపులో ఒత్తిడి ఉండదు. పక్కనే మురుగు కాలువ ఉండి, ఎక్కడో ఒక చీలిక ఉంటే బయటి మురికి లోపలికి జారుతుంది. దీనికి విరుగుడు దొరకని రహస్యమేమీ కాదు. 24 గంటలూ ఒత్తిడితో నీళ్లు ఇవ్వడం, లీకులు కట్టడం, నీటిలో క్లోరిన్ నిలిచేలా చూడటం. లక్షలాది యాత్రికులు వచ్చే పూరీ 2021లో ఈ పని చేసి, కుళాయి దగ్గరే దోసిలి పట్టి తాగగలిగే ఊరైంది. క్లోరిన్ చూడటానికి పెద్ద ల్యాబు కూడా అక్కర్లేదు. వినియోగదారుడి దగ్గరకు చేరేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలని భారత ప్రమాణం. క్లోరోస్కోప్‌లోని చిన్న గాజు గొట్టంలో కుళాయి నీళ్లు పట్టి ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తే లేత పసుపు తిరుగుతుంది. తిరగలేదంటే క్లోరిన్ లేదన్నమాట. మందు వాసన అని మనం ముఖం చిట్లించుకునేది మనకు కాపలా ఉన్నదాన్నే. ఇంటికొచ్చే టిన్ను నీళ్లలో సాధారణంగా ఆ కాపలా ఉండదు. ఎన్నోసార్లు నిండి ఖాళీ అయి, గీతలు పడి తెల్లబారిన టిన్ను, మూతి మీద పల్చటి ప్లాస్టిక్ తొడుగు. లోపల ఒక్క క్రిమి చేరినా ఆపేది ఏదీ లేదు. ఐఎస్ఐ ముద్ర లేని ప్లాంట్లు ఎన్ని లేవు! పెద్ద కంపెనీల సీసాలైనా పూర్తిగా నిశ్చింత కావు. అమెరికాలో అమ్మే సీసా నీళ్లలో లీటరుకు సగటున రెండు లక్షల నలభై వేల ప్లాస్టిక్ రేణువులు కనిపించాయని 2024లో అక్కడి శాస్త్రవేత్తలు ప్రకటించారు. వాటి వల్ల ఒంటికి ఎంత చెరుపో ఇంకా తేలలేదు కాబట్టి దాన్ని పెద్ద వాదంగా వాడను. సీలు చూడగానే ప్రశ్నలు ఆపేయడం తగదనడానికి మాత్రం అది చాలు.

ఒక్క ఇల్లు నల్లా నీళ్లు తాగినంత మాత్రాన ఏం మారుతుంది, పన్ను కడుతున్నాం, చూసుకోవలసింది ప్రభుత్వం కదా అంటారు. ప్రభుత్వమే చూసుకోవాలి, నిజమే. తాగేవాళ్లు ఉన్న నీళ్లనే అది చూసుకుంటుంది. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కథ చదివితే ఇది తెలుస్తుంది. అవి హైదరాబాదుకు తాగునీరిచ్చిన కాలంలో, 1996లో వచ్చిన జీవో 111 వాటి చుట్టూ 10 కిలోమీటర్ల దాకా కాలుష్య పరిశ్రమలనూ పెద్ద నిర్మాణాలనూ ఆపింది. దగ్గర్లో రాబోయిన ఒక ఫ్యాక్టరీ మీద సుప్రీంకోర్టు దాకా పోరాడి గెలిచారు. ఆ తర్వాత కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం జీవో 69తో ఆ ఆంక్షలు ఎత్తివేయడానికి పూనుకున్నప్పుడు చూపిన కారణం, నగరం ఇప్పుడు తాగునీటికి ఈ జలాశయాల మీద ఆధారపడటం లేదని. గొంతు తప్పుకోగానే కాపలా కూడా తప్పుకోవడానికి సిద్ధమైంది. వీధి పైపుకూ ఇదే జరుగుతుంది. ఫోన్ చేసి నిలదీయగలవాళ్లు, పత్రికకు రాయగలవాళ్లు, కౌన్సిలర్‌ను ఇంటికి పిలిపించగలవాళ్లు టిన్నుకు మారాక, నీళ్లు రాకపోతే గొడవ చేస్తారు కానీ నీళ్లు బాగా లేకపోతే చేయరు. ఆ నీళ్లే తాగక తప్పని పనిమనిషి మాట, అడ్డా కూలీ మాట ఎవరికి వినిపిస్తుంది? మన సొంత మినహాయింపు ఇలా ఇంకొకరి ఆపదగా మారుతుంది. ధర్మానికి సంబంధించిన ప్రశ్న అన్నది అందుకే.

వీటన్నిటికంటే బలమైన అభ్యంతరం ఒకటుంది. ఊరి బావికి కులం ఉండేది, చెరువుకు రేవులు వేరుగా ఉండేవి, సీసా మాత్రం కులం అడగదు. ఈ మాట తేలిగ్గా కొట్టేసేది కాదు. మన ఉమ్మడి నీళ్లు ఎన్నడూ నిజంగా ఉమ్మడి కావన్న గాయం అందులో ఉంది. అయితే సీసా కులానికి బదులు డబ్బు అడుగుతుంది. 1927 మార్చి 20న మహాడ్‌లో అంబేద్కర్ వేలమందితో చవదార్ చెరువుకు నడిచింది తమకు వేరే నీళ్లు కావాలని కాదు, మనుషులందరిదీ ఒకటే చెరువని స్థాపించడానికి. ఆ తర్వాత పెద్దకులాలవాళ్లు కుండలకొద్దీ పంచగవ్యం కలిపిన నీళ్లు అందులో పోసి శుద్ధి చేశామనుకున్నారు. ఎవరి చేయీ తగలలేదన్న సీలు మనకిచ్చే హాయిలో ఆ పాత మడి ఛాయ నాకు కనిపిస్తుంది. ఇంటింటికీ ఒకే ట్యాంకు నుంచి వచ్చే కుళాయి, మహాడ్ అడిగినదానికి సీసా కంటే ఎంతో దగ్గర.

నీళ్లు మోసుకొచ్చేవాడికి కూలి ఇవ్వడంలో దోషం లేదు, కావడి మోసేవాళ్లకు ఎప్పుడూ ఇచ్చాం. నా బాధ దాతల గురించి. తటాకాన్ని సప్తసంతానాల్లో ఒకటిగా లెక్కపెట్టుకున్నవాళ్లం మనం. 13వ శతాబ్దపు రామప్ప చెరువు ఇంకా పొలాలు తడుపుతోంది. సత్యసాయి ట్రస్టు 1990లలో అనంతపురం జిల్లాలో వందల ఊళ్లకు పైపులు వేయించింది, అంటే భక్తుల డబ్బు ఈ పనికి ఇప్పటికీ ఒప్పుకుంటుంది. ఏటా ఎండాకాలం చలివేంద్రానికి టిన్నులు కొనిచ్చే పుణ్యాత్ములు, ఆలయ కమిటీలు, మసీదు కమిటీలు అందులో కొంత తీసి ఆ వీధి లీకులు కట్టించవచ్చు. బస్టాండులో ఒక మంచినీళ్ల కుళాయి, దాని పక్కన ఆ వారం పరీక్ష ఫలితం రాసే పలక పెట్టించవచ్చు. ఆ పలక మీద క్లోరిన్ లేదని రాసి ఉన్న రోజు ఎవరు టిన్ను కొన్నా నాకు అభ్యంతరం లేదు.