దూలము మీది తుపాకి

ధ్యానమునకు వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, లూకా 22:35–51



ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మన సంఘపు యౌవనస్థుడొకడు సెల్‌ఫోను చేతబట్టుకొని నాయొద్దకు వచ్చెను. అమెరికాలో జరిగిన కాల్పుల వార్త చూపి, "అయ్యగారూ, మన తెలుగు దేశమునకు సువార్త తెచ్చిన మిషనరీలలో అనేకులు అక్కడివారే గదా. ఊరూరా గుడి ఉన్న ఆ దేశములో ఇన్ని తుపాకులు ఎందుకు?" అని అడిగెను.

అది న్యాయమైన ప్రశ్న. 1842లో గుంటూరునకు వచ్చిన హయ్యరు అయ్యగారు అమెరికా సంఘములు పంపినవారే. ఆ సంఘములకు మనము ఋణపడియున్నాము. కనుక వారి దుఃఖము మనకు పరాయి దుఃఖము కాదు.

మొదట సంగతి తెలిసికొందము. ఆయుధములు కలిగియుండుటకు ప్రజలకున్న హక్కును తీసివేయరాదని 1791లో ఆ దేశ రాజ్యాంగమునకు రెండవ సవరణ చేర్చిరి. ఒక మనుష్యుడు తన యింటి రక్షణకై తుపాకి ఉంచుకొనుట ఆ హక్కులోనిదేయని 2008లో వారి సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. నేడు అక్కడ మనుష్యులకంటె తుపాకులే ఎక్కువ. ప్రజల చేతులలో సుమారు 39 కోట్లు ఉన్నవని 2018లో ఒక అంచనా వేసిరి. 2021లో తుపాకి గుండ్లవలన 48,830 మంది చనిపోయిరి. వారిలో సగముకంటె ఎక్కువమంది, అనగా 26,328 మంది, తమ్మును తామే కాల్చుకొనినవారు. ప్రియులారా, ఈ లెక్కను నెమ్మదిగా ఆలోచించుడి. నిరాశ గడియ వచ్చును, పోవును. ఆ గడియలో చేతికి తుపాకి అందినవానికి మరుసటి ఉదయము లేదు.

అక్కడి క్రైస్తవులు ఈ విషయములో రెండుగా చీలియున్నారు. 2015 జూన్ 17వ తేదీ రాత్రి చార్లెస్టను పట్టణపు ఇమ్మానుయేలు గుడిలో బైబిలు తరగతి జరుగుచుండగా ఒక పరాయి యువకుడు వచ్చెను. వారు అతని చేర్చుకొని కూర్చుండబెట్టిరి. సుమారు ఒక గంట వారితో కూర్చుండి, పిమ్మట అతడు కాపరితో కూడ తొమ్మిదిమందిని కాల్చి చంపెను. కొనువాని పూర్వచరిత్ర విచారణ మూడు పనిదినములలో ముగియనియెడల అంగడివాడు తుపాకి అమ్మవచ్చునని అక్కడి చట్టము. ఆ సందులోనుండియే అతని చేతికి తుపాకి వచ్చెను. మృతుల బంధువులలో కొందరు రెండు దినముల పిమ్మట న్యాయస్థానములో, నిన్ను క్షమించుచున్నామని అతనితో చెప్పిరి. అయినను ఆ సందు మూయవలెనని అడుగువారు అడుగుచునే యున్నారు. క్షమాపణ వేరు, కాపుదల వేరు. రెండును కావలెను.

రెండవ పక్షమువారి మాటయు వినవలెను. 2019 డిసెంబరు 29వ తేదీ ఆదివారమున టెక్సాసులోని వైట్ సెటిల్‌మెంట్ అను ఊరి గుడిలో ఒకడు లేచి ఇద్దరిని కాల్చి చంపెను. గుడికి కావలియున్న సంఘస్థుడొకడు కొన్ని క్షణములలోనే వానిని కాల్చి పడవేసెను. లేనియెడల ఎందరు పోయెడివారో. దూరపు పొలములలో ఒంటరి యిండ్లవారు, పోలీసులు వచ్చులోగా మా గతి ఏమని అడుగుచున్నారు. ఆ భయము అబద్ధము కాదు. కొండమీది ఊరిలో రాత్రి నిద్రించు మనకు ఆ భయము తెలియదా?

కాని తల్లుల ఏడ్పు కూడ అబద్ధము కాదు. 2022 మే 24న అదే టెక్సాసులో యువాల్డీ ఊరి బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయినులు హతులైరి. ఆ మరుసటి నెలలో ఆ దేశపు సభలు ఒక తుపాకి చట్టమును ఆమోదించెను. సుమారు ముప్పది ఏండ్లలో అంతటి చట్టము అదే మొదటిది. మన తెలుగు బిడ్డల రక్తమును అక్కడ చిందినది. 2017 ఫిబ్రవరి 22న కాన్సాసులో హైదరాబాదునుండి వెళ్లిన యింజనీరొకడు హతుడయ్యెను. అడ్డుపడబోయిన అమెరికావాడొకడు తానును గుండు తగిలి గాయపడెను. 2023 మే 6న టెక్సాసులోని ఆలెన్ పట్టణపు అంగళ్లలో చంపబడిన ఎనిమిదిమందిలో మన తెలుగింటి ఆడబిడ్డ ఒకతె.

ఇప్పుడు వాక్యమునొద్దకు వత్తము. నిర్గమకాండము 22:2–3లో రాత్రివేళ కన్నము వేయు దొంగ కొట్టబడి చచ్చినయెడల ఇంటివానిమీద రక్తాపరాధము లేదు; ప్రొద్దు పొడిచిన తరువాతనైతే ఉన్నది. దేవుడు ఇంటివాని భయమును ఎరిగియున్నాడు. ఎరిగియు దానికి హద్దు పెట్టెను.

ద్వితీయోపదేశకాండము 22:8 చూడుడి. ఇశ్రాయేలీయుల యిండ్లకు మన పెంకుటిండ్లవలె వాలు కప్పులు లేవు. మిద్దెమీద తిరుగుదురు, ధాన్యము ఆరబోయుదురు, పడుకొందురు. క్రొత్త యిల్లు కట్టువాడు ఆ మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని దేవుడు ఆజ్ఞాపించెను. ఎవడైనను పడి చచ్చినయెడల ఆ రక్తము ఇంటిమీదికి వచ్చును. పడినవాడు ఎందుకు జాగ్రత్తపడలేదని దేవుడు అక్కడ అడుగుటలేదు. కట్టినవానిని అడుగుచున్నాడు. ఇల్లు నీదే, మిద్దె నీదే. కాని నీ మిద్దెమీద తిరుగు పొరుగువాని ప్రాణమును నీ లెక్కలోనిదే. పిట్టగోడ కట్టుమనుట యజమానునికి అవమానము కాదు, ఇల్లు లాగుకొనుటయు కాదు. తుపాకికి చట్టము అట్టి పిట్టగోడ.

మరియు గెత్సేమనే తోటను జ్ఞాపకము చేసికొనుడి. శిష్యులు రెండు కత్తులున్నవని చూపగా ప్రభువు అంతటితో ఆ మాట ముగించెను. ఆయనను పట్టుకొనుటకు జనులు వచ్చినప్పుడు, కత్తితో కొట్టుదుమా యని శిష్యులు అడిగిరి. మంచి ప్రశ్నయే. అయితే ప్రభువు జవాబు చెప్పకమునుపే పేతురు కొట్టెను, మల్కు చెవి తెగెను! ఆయుధము పట్టిన చెయ్యి జవాబు కొరకు నిలువదు. బంధింపబడబోవు ఆ వేళ మన ప్రభువు శత్రువు చెవిని ముట్టి స్వస్థపరచెను. కత్తి చేసిన గాయమాయెను గనుక చెవితో పోయెను. నాటు తుపాకి ఆయెనా, మల్కు లేచునా?

ఇక మన కొండల మాట. ఇక్కడ తుపాకికి పెద్ద కథ ఉన్నది. 1878 నాటి ఆయుధముల చట్టము మనవారికి లైసెన్సు విధించి తెల్లదొరలను విడిచిపెట్టెను. అట్టి పరిపాలనమీద అల్లూరి సీతారామరాజు వెంట మన్యపు జనులు లేచి, 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణామీద పడి తుపాకులు పట్టుకొనిపోయిరి. 1924 మే 7న కొయ్యూరు వద్ద ఆయన తుపాకిగుండుకే బలియయ్యెను. తుపాకి చట్టమనగానే మన పెద్దలకు అనుమానము కలుగుట వింత కాదు. తరువాతి కాలమున అడవిలో తుపాకులకును ఠాణా తుపాకులకును నడుమ మన గ్రామములు నలిగెను. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగూడ మండలములోని లివిటిపుట్టు వద్ద అరకు శాసనసభ్యుడు కిడారి సర్వేశ్వరరావుగారిని, మాజీ శాసనసభ్యుడు సివేరి సోమగారిని మావోయిస్టులు దారిలో ఆపి కాల్చి చంపిరి. ఆ వార్త విన్న రాత్రి మన పల్లెలలో ఎందరు దీపములు ముందే ఆర్పుకొనిరో మీకు తెలియును.

అయితే నేను చెప్పవలసినది ఇంకొక తుపాకి మాట. దూలము మీద వ్రేలాడు తుపాకి.

పూర్వము నేను వేరొక గ్రామములో సేవ చేయుచుండగా ఒక సంఘ పెద్దగారి యింట నాటు తుపాకి ఉండెడిది. అడవిపందులనుండి చోడిచేను కాచుకొనుటకని చెప్పెడివారు. వేటాడినప్పుడెల్ల మాంసములో ఒక పాలు మా యింటికి పంపుచుండిరి. నా భార్య వండెడిది, నేను ప్రార్థన చేసి తినెడివాడను. ఆ తుపాకికి కాగితమున్నదా, అందులో మందు ఉన్నదా అని ఒక్క దినమైనను అడుగలేదు. ఒక సాయంకాలము ఆయన మనుమడు, తొమ్మిదేండ్లవాడు, దానిని దించి ఆటలాడెను. పొరుగింటి పాప కన్ను పోయినది. "మందు చెమ్మగిలిపోయినదనుకొంటిని, అయ్యగారూ" అని ఆ తాత ఏడ్చెను. పంచాయితీలో తప్పు నాదేయని ఆయన ఒప్పుకొనెను. నేను తల వంచుకొని ఊరకుంటిని. ఆ తప్పులో నా పాలు ఉన్నది. ఆ మాంసములో నా పాలు ఉన్నట్లే. ఆ మాట ఆ దినమున చెప్పలేకపోతిని గనుక నేడు మీ యెదుట చెప్పుచున్నాను.

ఇటుకల పండుగకు మనుష్యులు వేటకు లేచుచుందురు. కనుక వేడుకొనుచున్నాను. 1959 నాటి ఆయుధముల చట్టము పంట కాపుదలకు మందు దట్టించు తుపాకికిని లైసెన్సు ఇయ్యవచ్చునని చెప్పుచున్నది, దారి మూయబడలేదు. లైసెన్సు లేనిది నేరము. 1972 నాటి వన్యప్రాణి చట్టమునుబట్టి వేటయు నేరమే. లైసెన్సు ఉన్నవారు తుపాకి ఒకచోట, మందు ఒకచోట తాళము వేసి ఉంచుడి. మందు దట్టించినదానిని ఇంట వ్రేలాడదీయకుడి. లైసెన్సు లేనివారు దానిని ఇంట ఉంచకుడి. నాయొద్దకు రండి; పెద్దలను వెంటబెట్టుకొని ఠాణాకు మీతోకూడ నేనును వత్తును. కేసు రాదని మాట ఇయ్యజాలను. మీరు ఒంటరిగా నిలువరని మాత్రము మాట ఇచ్చుచున్నాను. పందులకు కరెంటు తీగ పెట్టువారలారా, అదియు పిట్టగోడ లేని మిద్దెయే. చీకటిలో నడచువాడు పందియో పొరుగువాడో తీగకు తెలియదు. మంచెలు కట్టుకొని, వంతులు వేసికొని, మంటలు పెట్టి డప్పు కొట్టి కాచుకొందము. విధవరాలి చేనుకు యౌవనస్థులే వంతు తీసికొందురు గాక.

నన్ను అడిగిన ఆ తమ్మునికి ఇదియే నా జవాబు. అమెరికావారు నా హక్కు ఏమిటని అడుగుచున్నారు. ఆ ప్రశ్న అడుగవచ్చును. కాని దేవుడు ఇంకొకటి అడుగుచున్నాడు: నీ మిద్దెకు పిట్టగోడ ఏది? ఆ ప్రశ్న వారి పట్టణములకును మన పెదబయలుకును ఒక్కటే. ముందు మన దూలము చూచుకొందము.

ప్రార్థన: ప్రభువా, మల్కు చెవిని ముట్టిన నీ చేతిని మా యిండ్లమీద ఉంచుము. మా భయములు నీకు తెలియును. అక్కడి తల్లులను, ఇక్కడి తల్లులను ఆదరించుము. మేము అడుగక ఊరకున్న దినములను క్షమించి, పొరుగువాని ప్రాణమును మా లెక్కలో చేర్చుకొను మనస్సు మాకు దయచేయుము. ఆమేన్.

— సంఘకాపరి, పెదబయలు