నొక్కిన చేతులు

2014 డిసెంబరులో మా పెద్దమ్మకి న్యుమోనియా ముదిరి, జిల్లా కేంద్రంలో ప్రభుత్వాసుపత్రిలో చేర్చారు. గొంతులోకి గొట్టం వేశారు గానీ వెంటిలేటర్ ఒక్కటీ ఖాళీ లేదు. నర్సు ఒక అంబు బ్యాగు తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టి, "ఐదు దాకా లెక్కపెట్టి ఒకసారి నొక్కండి, ఆపొద్దు" అని చెప్పి వెళ్ళిపోయింది. ఆ రాత్రంతా, మర్నాడు సాయంత్రం దాకా, అమ్మా వదినా నేనూ వంతులేసుకుని నొక్కాం. ఎక్కువ వంతులు వదినవే. మగవాళ్ళు ఖాళీగా ఉన్నారనను. మందులకి, డబ్బుకి, తెలిసిన డాక్టర్ల కోసం తిరుగుతూనే ఉన్నారు. కానీ సంచి పట్టుకోమని వాళ్ళనెవరూ అడగలేదు, వాళ్ళకీ తోచలేదు. పసిపిల్లకి పాలు పట్టడం, ముసలివాళ్ళ మంచం ఎత్తడం ఎవరి పనో, ఇదీ వాళ్ళ పనే అయిపోయింది.

అప్పుడు నేను స్త్రీల కథల్లో కనిపించని చాకిరీ గురించి థీసిస్ రాస్తున్నాను! చేతులు తిమ్మిరెక్కుతున్నా ఆ సంగతి గుర్తు రాలేదు.

చాలా ఏళ్ళ తర్వాత వెంటిలేటర్ చరిత్ర చదివాను. 1952లో కోపెన్‌హేగన్‌లో పోలియో విరుచుకుపడింది. బ్లెగ్‌డామ్ ఆసుపత్రిలో మొదటి వారాల్లో శ్వాస ఆగిన 31 మందిని అప్పటి యంత్రాలతో కాపాడబోతే 27 మంది పోయారు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు, గొంతుకి రంధ్రం చేసి, గొట్టం పెట్టి, సంచితో గాలి నొక్కి పన్నెండేళ్ళ పిల్లని బతికించాడు. ఆ తర్వాత దాదాపు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులేసుకుని రాత్రింబగళ్ళు సంచులు నొక్కారు. ఇంటెన్సివ్ కేర్ అక్కడే పుట్టిందంటారు. అంబు బ్యాగు కూడా డెన్మార్క్‌దే, 1956లో వచ్చింది. విద్యార్థులు నొక్కితే అది వైద్య చరిత్రలో ఒక అధ్యాయం. మా వదిన నొక్కితే కేసు షీటులో ఒక ముక్క కూడా లేదు. ఉన్నా "వనరుల కొరత" అన్న పద్దు కింద ఉండేదేమో.

పేద దేశాల్లో వెంటిలేటర్ల మీద జరిగిన పరిశోధనల్లో నన్ను బాగా పట్టుకున్నది రువాండాది, 2016లో వచ్చింది. ఊపిరితిత్తులు నీరుపట్టి ఆక్సిజన్ అందని స్థితిని ఏఆర్‌డీఎస్ అంటారు. అది ఉందని తేల్చే బెర్లిన్ నిర్వచనానికి (2012) ధమని రక్త పరీక్ష కావాలి, రోగి వెంటిలేటర్ లాంటి యంత్రం మీద ఉండాలి. కిగాలీ బోధనాసుపత్రిలో చేరిన 1046 మంది పెద్దవాళ్ళని చూస్తే, ఆ నిర్వచనం ప్రకారం ఏఆర్‌డీఎస్ ఉన్నవాళ్ళు సున్నా. వేలికి పెట్టే ఆక్సీమీటరు, అల్ట్రాసౌండ్ చాలునని నిర్వచనం మారిస్తే 42 మంది తేలారు. వాళ్ళలో సగం మంది చనిపోయారు. ఐసీయూ దాకా వెళ్ళినవాళ్ళు మూడోవంతు కూడా లేరు. మిషను లేదు కాబట్టి జబ్బు లేదు! జబ్బు లేదు కాబట్టి మిషను అక్కర్లేదు. పేరు లేని బాధ లెక్కలోకి రాదని మనం సాహిత్యంలో ఎన్నేళ్ళుగా అంటున్నాం? 2023లో వచ్చిన అంతర్జాతీయ నిర్వచనం కిగాలీ పద్ధతిని చాలావరకు ఒప్పుకుంది.

మిషను దొరికితే కొలతల సమస్య తీరిపోతుందనుకోనక్కర్లేదు. 2000లో అమెరికాలో 861 మంది మీద చేసిన పరీక్షలో, ప్రతి శ్వాసకీ కిలోకి 12 మిల్లీలీటర్లు ఇచ్చినవాళ్ళలో 39.8 శాతం పోతే, 6 ఇచ్చినవాళ్ళలో 31 శాతం పోయారు. ఈ కిలోలు అసలు బరువు కావు, ఎత్తునిబట్టి లెక్కగట్టినవి. మా పెద్దమ్మ నాలుగడుగుల పదకొండంగుళాలు. ఆ లెక్కన ఆమె సుమారు 43 కిలోలు, ఆమెకి సరిపోయే గాలి 260 మిల్లీలీటర్లు. ఎత్తు కొలవకుండా మిషనుని 500కి పెట్టేస్తే, ఐదడుగుల ఏడంగుళాల మగాడికి కాస్త ఎక్కువ, అంతే. ఆమెకి మాత్రం దాదాపు ఆ 12 పడ్డట్టే. 50 దేశాల ఐసీయూలని చూసిన అధ్యయనంలో కూడా, పొట్టి ఆడవాళ్ళకే ఈ జాగ్రత్త తక్కువగా అందిందని 2019లో తేలింది. కావాల్సింది ఒక కొలత టేపు. పెద్దమ్మని ఎవరైనా కొలిచారా అంటే, నేను చూడలేదు. మేం నొక్కిన సంచి లీటరుకి పైగా పట్టేది. ఎంత పంపామో దేవుడికెరుక.

కెరోల్ గిలిగన్ 1982లో ఇలాంటి మాటే అంది, మగపిల్లల మీద తయారైన నైతికత కొలబద్దతో ఆడపిల్లల్ని కొలుస్తున్నారని. ఆమె చెప్పిన సంరక్షణ నీతి నాకిష్టమే. కానీ వదిన చేతుల్ని తలుచుకుంటే దాన్ని పొగడటానికి నోరు రాదు. ఆ పొగడ్త చూసుకుని ఇంకో వెంటిలేటర్ కొనకుండా ఊరుకుంటారు.

పైగా ఆ సంరక్షణ అంత పవిత్రమైనదేం కాదు. మర్నాడు సాయంత్రం మాకు మిషను దొరికింది. ఎదురు మంచం మీది కుర్రాడు పోవడం వల్ల దొరికింది. పొద్దుట్నించీ అమ్మ చూపు ఆ మంచం మీదే ఉంది. నాదీ అంతే. ఆ పిల్లాడి తల్లి గోడకి తల బాదుకుంటుంటే అమ్మ తల దించుకుంది, తర్వాత "మనకిస్తారా?" అని మెల్లగా నర్సునడిగింది. కొరత ఉన్నప్పుడు ఎవర్ని బతికించాలన్న చర్చల్లో నిర్ణయం డాక్టరుది. మా వార్డులో మాత్రం ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి ఒకరి చావు కోసం ఒకరు చూశారు. ఆ నేరం ఎవరి ఖాతాలో రాయాలి? అమ్మ తన ఖాతాలోనే రాసుకుంది.

ఆరో రోజున ఇక లాభం లేదన్నారు. ఇంటికి తీసుకుపోతామని అన్నయ్య సంతకం పెట్టాడు. మగవాళ్ళు వరండాలో మాట్లాడుకుని తేల్చారు. వదిననెవరూ అడగలేదు. కానీ అంబులెన్సులో మిషను ఉండదు కదా, మళ్ళీ సంచి. వదినే నొక్కింది, ఇంటిదాకా. ఇలా ఇళ్ళకి వెళ్ళిపోయినవాళ్ళు ఆసుపత్రి మరణాల లెక్కలో ఉండరు.

కారుణ్య మరణం మీద సుప్రీంకోర్టు 2018 తీర్పు గురించి, 2023లో దాన్ని సులువు చేయడం గురించి ఒక సెమినారుకి వ్యాసం రాస్తూ మొన్న వదినకి ఫోన్ చేశాను. ఆ రోజు ఇంటికెళ్ళాక ఏం జరిగిందని అడిగాను. నేను వెనక ఆటోలో ఉండిపోయాను.

"హాల్లో పడుకోబెట్టారు. అందరూ చుట్టూ నిలబడ్డారు. ఇక ఆపు అని ఎవరూ అనలేదే. మీ అన్నయ్య కూడా అటు తిరిగి నిలబడ్డాడు. నేను అలా నొక్కుతూనే ఉన్నాను, ఎంతసేపో తెలీదు. చివరికి నేనే ఆపాను" అంది. కాసేపాగి, "సంతకం ఆయనదేలే" అంది.